మిడ్‌ఫీల్డర్‌గా ఒక అమ్మాయి ఎన్నేళ్లు ఆడగలదు, ఆ ఆటతో బతకగలదా?

మీ అమ్మాయి పదిహేనేళ్ల వయసులో జిల్లా జట్టుకు మిడ్‌ఫీల్డ్‌లో, అంటే రక్షణ వరుసకూ దాడి వరుసకూ మధ్య స్థానంలో ఆడుతోందనీ, గోల్స్ చేసేవాళ్లకే పేరొస్తుంది గనుక ఆమెను దాడి వరుసలోని ఫార్వర్డ్ స్థానానికి మార్పించమని బంధువులు అంటున్నారనీ, ఫుట్‌బాల్‌నే వృత్తిగా తీసుకుంటే ఎన్నేళ్లు ఆడగలదో, ఆ సంపాదనతో బతకగలదో లేదో మీకు తెలియడం లేదనీ రాశారు. అమ్మాయిల జట్లకు చాలాకాలంగా శిక్షణ ఇస్తున్నదానిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్థానం మార్చకండి. వేగం మీద ఆధారపడిన స్థానాల కంటే ఆటను చదవడం మీద ఆధారపడిన స్థానంలో ఎక్కువ ఏళ్లు ఆడవచ్చు, మిడ్‌ఫీల్డ్ అటువంటిది. అయితే ఎన్నేళ్లు ఆడగలదన్న ప్రశ్న వేరు, ఆడినన్నేళ్లూ జీతం వస్తుందా అన్న ప్రశ్న వేరు. మొదటిది చాలావరకు ఆమె శరీరమూ బుద్ధీ తేల్చే విషయం. రెండోదాన్ని క్లబ్బులూ లీగులూ సమాఖ్యలూ తేలుస్తాయి, అక్కడ ఆమె ప్రతిభ ఒక్కటే సరిపోదు.

గోల్స్ చేసేవాళ్లకే గుర్తింపు అన్న మాట సంగతి మొదట చూద్దాం. ఏటా ప్రపంచంలో అత్యుత్తమ క్రీడాకారులకిచ్చే బాలన్ డి'ఓర్ పురస్కారాన్ని మహిళలకు ఇవ్వడం 2018లో మొదలైంది. 2021 నుంచి 2025 వరకు వరుసగా ఐదుసార్లూ దాన్ని అందుకున్నది మిడ్‌ఫీల్డర్లే. మొదటి రెండుసార్లు అలెక్సియా పుతెయాస్‌కూ, తర్వాతి మూడుసార్లు ఐతానా బొన్మతికీ వచ్చింది; ఇద్దరూ బార్సిలోనా క్లబ్బులో ఆడుతూ గెలుచుకున్నవాళ్లే. 2011 ప్రపంచ కప్‌ను జపాన్‌కు సాధించిపెట్టిన హొమారె సావా, 2015 ఫైనల్లో మొదటి పదహారు నిమిషాల్లోనే జపాన్‌పై మూడు గోల్స్ చేసిన అమెరికా క్రీడాకారిణి కార్లీ లాయిడ్ కూడా మిడ్‌ఫీల్డర్లే. కాబట్టి మీ బంధువుల మాటలో పెద్దగా నిజం లేదు. కాకపోతే ఒక మెలిక ఉంది: వీళ్లంతా ముందుకు దూసుకువెళ్లి గోల్స్ కూడా చేసిన మిడ్‌ఫీల్డర్లు. రక్షణ వరుసకు ముందు నిలబడి, ప్రత్యర్థి దాడిని మొగ్గలోనే తుంచి, బంతిని పక్కవాళ్లకు అందించి తప్పుకునే రకం మిడ్‌ఫీల్డర్లకు ఇటువంటి బహుమతులు రావడం అరుదు. మీరు రాసిన వివరాలను బట్టి, అంటే గోల్స్ తక్కువ, బంతి లాక్కోవడం ఎక్కువ, కోచ్ మ్యాచ్ మొత్తం ఆడిస్తాడు గానీ ఊళ్లో ఎవరూ పొగడరు అన్నదాన్ని బట్టి, మీ అమ్మాయి ఈ రెండో రకమని అనుకుంటున్నాను. అందుకే ఆ రకంలో నాకు తెలిసినవాళ్లలో అందరికంటే ఎక్కువకాలం ఆడిన బ్రెజిల్ క్రీడాకారిణి ఫోర్మిగా జీవితాన్ని ముందు పెట్టుకుని మీ సందేహాలకు సమాధానం చెబుతాను.

ఆమె అసలు పేరు మిరాయిల్దెస్ మసియెల్ మోతా. 1978 మార్చి 3న బ్రెజిల్ ఈశాన్య తీరంలోని సాల్వడార్ నగరంలో పుట్టింది. ఆమె పుట్టేనాటికి ఆ దేశంలో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం చట్టవిరుద్ధం. 1941లో గెతూలియో వర్గాస్ ప్రభుత్వం తెచ్చిన ఒక ఉత్తర్వు, స్త్రీ స్వభావానికి సరిపడని క్రీడలను ఆడవాళ్లు ఆడకూడదని శాసించింది. తర్వాత 1965లో వచ్చిన తీర్మానం ఫుట్‌బాల్‌ను పేరుపెట్టి మరీ నిషేధించింది. ఆ నిషేధం 1979లో తొలగింది, మహిళల ఫుట్‌బాల్‌కు నిబంధనలు 1983లో గానీ రాలేదు. ప్రపంచంలో ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు తామేనన్నట్టు మాట్లాడే దేశంలో ఇది జరిగిందని గుర్తుపెట్టుకుంటే, మన దగ్గర అమ్మాయిల జట్టుకు మైదానం దొరకలేదని బాధపడేటప్పుడు కొంత ఓర్పు వస్తుంది. ఫోర్మిగా అన్నదమ్ముల మధ్య పెరిగింది, ఆడపిల్లకు ఈ ఆటేమిటని వాళ్ల చేత దెబ్బలు కూడా తిన్నానని ఆమే చెప్పుకుంది. పోర్చుగీసులో చీమ అనే అర్థం ఉన్న ఫోర్మిగా అన్న మారుపేరు, జట్టు కోసం మైదానమంతా పనిచేసుకుంటూ తిరిగే ఆమె ఆటతీరును చూసి పెట్టిందే.

పదిహేడేళ్లకు, 1995లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో ఆమె బ్రెజిల్‌కు ఆడింది. అప్పుడు టోర్నీలో ఉన్నవి పన్నెండు జట్లే. ఆ తర్వాత 2019లో ఫ్రాన్స్‌లో, ఇరవై నాలుగు జట్లు ఆడిన ప్రపంచ కప్‌లో కూడా ఆమె ఉంది. అప్పటికి వయసు 41 ఏళ్లు. మధ్యలో ఒక్క టోర్నీ కూడా వదలకుండా మొత్తం ఏడు ప్రపంచ కప్‌లలో ఆడింది. మహిళల ఫుట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి ప్రవేశపెట్టిన 1996 అట్లాంటా నుంచి 2021లో జరిగిన టోక్యో క్రీడల దాకా ఏడు ఒలింపిక్స్‌లోనూ ఆడింది. ప్రపంచ కప్ ఆడిన అత్యధిక వయస్కురాలు ఆమే. 2019 జట్టులో ఆమె పక్కన ఆడిన కొందరు, ఆమె మొదటి ప్రపంచ కప్ ఆడేనాటికి ఇంకా పుట్టలేదు.

ఇంతకాలం ఎలా ఆడగలిగిందన్నదే మీ అమ్మాయికి పనికొచ్చే విషయం. తొలి రోజుల్లో ఆమె ఒక గోల్ ముందుండే పెనాల్టీ బాక్సు నుంచి మరో గోల్ ముందుండే బాక్సు దాకా అలుపు లేకుండా పరుగెత్తే మిడ్‌ఫీల్డర్. వయసు పెరిగేకొద్దీ తన స్థానాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుకుంటూ, చివరి ఏళ్లలో రక్షణ వరుస మధ్యలో ఆడే సెంటర్ బ్యాక్‌లకు దగ్గరగా నిలబడి ఆడింది. చూసేవాళ్లకు ఇది వయసుకు లొంగిపోవడంలా కనిపించవచ్చు గానీ, నిజానికి చేసే పనే మారింది. పరుగుతో బంతిని వెంబడించే బదులు, బంతి ఎటు రాబోతుందో ముందే పసిగట్టి ఆ దారిలో నిలబడటం నేర్చుకుంది. ఉన్నత స్థాయి మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్ పది కిలోమీటర్లకు పైగా తిరుగుతుంది. అందులో ప్రాణం పెట్టి పరుగెత్తేది చిన్న భాగం, మిగిలినదంతా సరైన చోటుకు చేరుకోవడానికి వేసే అడుగులు. ఆ అడుగులు ముందుగా వేసే అలవాటున్నవాళ్లకు పరుగెత్తాల్సిన అవసరమే తక్కువ.

దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ 2015 ప్రపంచ కప్‌లో మాంట్రియల్‌లో దక్షిణ కొరియాతో జరిగిన మ్యాచ్. మొదటి సగంలో కొరియా డిఫెండర్ తన గోల్‌కీపర్ వైపు బంతిని బలహీనంగా వెనక్కి తోసింది. ఆ పాస్‌ను అందరికంటే ముందు గుర్తించి మధ్యలోకి దూరి గోల్ చేసింది ఫోర్మిగా. అప్పటికి ఆమె వయసు 37 ఏళ్లు, ప్రపంచ కప్‌లో అంత వయసులో అంతకుముందు ఎవరూ గోల్ చేయలేదు. ఆ గోల్‌లో కాలి నైపుణ్యం పెద్దగా లేదు, వేగమూ లేదు. ప్రత్యర్థి తప్పు చేయబోతోందని ఒక క్షణం ముందు తెలుసుకోవడమే ఉంది. ఫార్వర్డ్‌గా ఆడే అమ్మాయి ఇరవై ఎనిమిదేళ్లకు ఒక అడుగు వేగం తగ్గితే జట్టులో చోటు పోగొట్టుకోవచ్చు. ఆటను చదవగల మిడ్‌ఫీల్డర్‌కు ఆ వయసులో విలువ పెరుగుతుంది. నా దగ్గర శిక్షణ తీసుకున్న అమ్మాయిల్లోనూ ఇదే చూశాను.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ ఫోర్మిగా జీవితం అంత సంతోషంగా చెప్పుకునేది కాదు. బ్రెజిల్‌లో మహిళలకు నిలకడైన జాతీయ లీగ్ 2013లో గానీ మొదలుకాలేదు. అంటే ఆమె జాతీయ జట్టులోకి వచ్చిన పద్దెనిమిదేళ్ల తర్వాత. అప్పటిదాకా రాష్ట్ర స్థాయి పోటీలు, ఒక ఏడాది పుట్టి మరుసటి ఏడాది మూతపడే జట్లు, కొన్ని నెలలకు మాత్రమే కుదిరే ఒప్పందాలు ఉండేవి. ఆమె ఏథెన్స్ ఒలింపిక్స్ తర్వాత స్వీడన్‌లోని మాల్మో క్లబ్బుకు ఆడింది, తిరిగి వచ్చింది, అమెరికా వెళ్లింది. 2009లో అమెరికాలో కొత్తగా మొదలైన వృత్తి లీగ్‌లో కాలిఫోర్నియాకు చెందిన ఎఫ్‌సీ గోల్డ్ ప్రైడ్‌కూ, మరుసటి ఏడాది షికాగో రెడ్ స్టార్స్‌కూ ఆడింది. 2010లో గోల్డ్ ప్రైడ్ జట్టు లీగ్ విజేతగా నిలిచింది, ఆ సెప్టెంబరులో కప్పు గెలిచిన క్లబ్బు నవంబరులో డబ్బు లేక మూతపడింది. ఆ శీతాకాలమే షికాగో కూడా లీగ్ నుంచి తప్పుకుంది. 2012 వచ్చేసరికి లీగే లేదు. ప్రపంచంలో అత్యుత్తమ క్రీడాకారిణిగా ఆరుసార్లు ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా గుర్తింపు పొందిన బ్రెజిల్ క్రీడాకారిణి మార్తాకు కూడా ఇదే అనుభవం: ఆ లీగ్‌లో ఆమె ఆడిన లాస్ ఏంజెలెస్ జట్టు మూతపడితే గోల్డ్ ప్రైడ్‌కు వెళ్లింది, అదీ మూతపడితే మరో జట్టుకు వెళ్లింది, చివరికి లీగే పోయింది. వాళ్ల ఆటలో లోపమేమీ లేదు, ప్రేక్షకులూ టీవీ హక్కులూ ప్రాయోజకులూ కలిసి రాకపోతే ఎంత మంచి జట్టయినా నిలవదు.

స్వదేశానికి తిరిగొచ్చాక సావోపాలో రాష్ట్రంలోని సావో జోసె క్లబ్బుతో ఆమెకు మంచి కాలం నడిచింది. దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ అయిన కోపా లిబెర్తదోరెస్‌ను ఆ జట్టు 2011, 2013, 2014 సంవత్సరాల్లో గెలిచింది. అయినా ఆ పెద్ద పేరు వెనుక పెద్ద జీతాలు ఉండేవని అనుకోకండి. ఆ తరం బ్రెజిల్ అమ్మాయిలకు ఆధారం చాలావరకు జాతీయ జట్టే, ఆ జాతీయ జట్టుకు సైతం ఏడాది పొడవునా అండ ఉండేది కాదు. 2004లో ఏథెన్స్‌లో, 2008లో బీజింగ్‌లో వాళ్లు ఒలింపిక్ రజతాలు తెచ్చారు, రెండుసార్లూ అమెరికా చేతిలో అదనపు సమయంలో ఓడి. (బీజింగ్‌లో ఆ ఒక్క గోల్ చేసింది పైన చెప్పిన కార్లీ లాయిడే.) మధ్యలో 2007 ప్రపంచ కప్ సెమీఫైనల్లో అదే అమెరికాను 4-0 తేడాతో చిత్తుచేసి, షాంఘై ఫైనల్లో జర్మనీ చేతిలో 2-0తో ఓడారు. పతకాల వేళ ఆ జట్టు ఒక గుడ్డ పట్టుకుని నిలబడింది. బ్రెజిల్, మాకు అండ కావాలి అని దాని మీద రాసి ఉంది. ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచిన జట్టు గెలుపు సంబరం చేసుకోవాల్సిన చోట అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. మగవాళ్లకూ ఆడవాళ్లకూ జాతీయ జట్టులో సమాన దినభత్యం ఇస్తామని బ్రెజిల్ సమాఖ్య ప్రకటించింది 2020లో, అప్పటికి ఫోర్మిగాకు 42 ఏళ్లు.

ఆమెకు ఒక పెద్ద, డబ్బున్న క్లబ్బుతో నిలకడైన ఒప్పందం దొరికింది చాలా ఆలస్యంగా. రియో ఒలింపిక్స్ తర్వాత, 2016 చివర్లో జాతీయ జట్టు నుంచి విరమించుకున్న ఆమెను, 38 ఏళ్ల వయసులో ఫ్రాన్స్ క్లబ్బు పారిస్ సెయింట్ జెర్మన్ తీసుకుంది. ఆ వయసులో చాలామంది కోచ్‌లవుతారు. ఆమె నాలుగేళ్లకు పైగా ఆ క్లబ్బుకు ఆడింది, వచ్చిన మొదటి సీజన్‌లోనే జట్టు ఐరోపా క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు చేరి పెనాల్టీలలో మరో ఫ్రెంచ్ క్లబ్బు ల్యోన్ చేతిలో ఓడింది. 2018లో ఫ్రెంచ్ కప్ గెలిచారు. అప్పటికి వరుసగా పద్నాలుగుసార్లు ఫ్రెంచ్ లీగ్‌ను గెలుస్తూ వచ్చిన ల్యోన్‌ను 2021లో వెనక్కి నెట్టి పారిస్ జట్టు మొదటిసారి లీగ్ విజేత అయింది, ఆ జట్టులో 43 ఏళ్ల ఫోర్మిగా ఉంది. మధ్యలో 2018లో బ్రెజిల్ కోచ్ వదావ్ అడిగితే విరమణను పక్కన పెట్టి జాతీయ జట్టుకూ తిరిగి వచ్చింది. 2019 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ చేతిలో ఓడిన తర్వాత మార్తా కన్నీళ్లతో మాట్లాడుతూ, ఫోర్మిగా ఎల్లకాలం ఉండదనీ, మీరే ముందుకు రావాలనీ దేశంలోని చిన్న అమ్మాయిలకు చెప్పింది. నలభై ఒక్కేళ్ల మనిషికి బదులు దొరకలేదంటే అది ఆమె గొప్పదనం ఎంతో, కింది స్థాయిలో పిల్లల్ని తయారుచేయని వ్యవస్థ తప్పు కూడా అంతే.

ఆమె జాతీయ జట్టు చివరి మ్యాచ్‌తో మనకు ఒక సంబంధం ఉంది. 2021 నవంబరు 25న మనౌస్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో ప్రత్యర్థి భారత జట్టే. బ్రెజిల్ 6-1తో గెలిచింది, ఫోర్మిగా ఆట చివరి భాగంలో మైదానంలోకి వచ్చింది. మొదటి నిమిషంలోనే గోల్ తిన్నా, ఎనిమిదో నిమిషంలో పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ మన తరఫున స్కోరు సమం చేసింది. ఆ మరుసటి ఏడాది మనీషా సైప్రస్‌లోని అపొలోన్ క్లబ్బులో చేరి, ఐరోపా మహిళల చాంపియన్స్ లీగ్‌లో ఆడిన మొదటి భారతీయురాలైంది. ఒక పెద్ద మ్యాచ్‌లో చూపిన ఆట దేశాంతరాలకు ఎలా దారి తీస్తుందో చెప్పడానికి నేను పిల్లలకు తరచూ ఆమె పేరే చెబుతాను.

ఇప్పుడు ఐరోపాలో పరిస్థితి ఫోర్మిగా కాలం నాటిది కాదు. బార్సిలోనా తన మహిళల జట్టును 2015లో పూర్తి వృత్తి జట్టుగా మార్చింది. పుతెయాస్ అప్పటికే అక్కడ ఉంది, బొన్మతి ఆ క్లబ్బు చిన్నపిల్లల జట్లలో పెరిగి వచ్చింది. ఉన్న చోటే ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో ఆడే అవకాశం, వైద్యులు, ఫిజియోలు, నెలనెలా జీతం అన్నీ ఉండటం వల్లనే వాళ్లు ఆ స్థాయికి చేరారని నేను నమ్ముతాను. పుతెయాస్ 2022 జులైలో, యూరో పోటీలకు ముందురోజుల్లో మోకాలిలోని ఏసీఎల్ లిగమెంటు తెగి తొమ్మిది నెలలకు పైగా ఆటకు దూరమైంది. క్లబ్బు అండతో కోలుకుని మరుసటి వేసవిలో స్పెయిన్‌తో పాటు ప్రపంచ కప్ గెలిచింది. అదే గాయం అండలేని జట్టులో ఆడే అమ్మాయికి అయితే ఆట అక్కడితో ఆగిపోతుంది. ఈ గాయం మగవాళ్లకంటే ఆడవాళ్లకు చాలా ఎక్కువగా అవుతుంది, అకస్మాత్తుగా ఆగి దిశ మార్చే పని మిడ్‌ఫీల్డర్‌కు నిమిషానికోసారి ఉంటుంది. మీ అమ్మాయి జట్టులో ఫిఫా 11+ అనే వార్మప్ చేయిస్తున్నారో లేదో అడగండి. సుమారు ఇరవై నిమిషాల వ్యాయామాలవి, గాయాలను గణనీయంగా తగ్గిస్తాయని తేలినవి, ప్రత్యేక పరికరాలేవీ అక్కరలేదు. చేయించకపోతే ఇంట్లోనైనా చేయమనండి.

పెళ్లి, పిల్లల గురించి మీరు నేరుగా అడగలేదు గానీ, ఆ భయం మీ ఉత్తరంలో ఉంది. ఐస్‌లాండ్ మిడ్‌ఫీల్డర్ సారా బ్యోర్క్ గున్నార్స్‌డాటిర్ గర్భంతో ఉండగా ఆమెకు రావాల్సిన జీతాన్ని ల్యోన్ క్లబ్బు పూర్తిగా చెల్లించలేదు. ఆమె ఫిఫా ట్రిబ్యునల్‌కు వెళ్లి గెలిచింది, ఆ సంగతి 2023 జనవరిలో బయటికొచ్చింది. 2021 నుంచి అమల్లో ఉన్న ఫిఫా నియమం ప్రకారం కనీసం పద్నాలుగు వారాల ప్రసూతి సెలవు, అందులో కనీసం మూడింట రెండొంతుల జీతం క్లబ్బు ఇవ్వాలి. నియమం ఉండటం వేరు, అడిగి తీసుకోగలగడం వేరు, అయినా ఉన్నదని తెలిసి ఉండటం మంచిది.

మన దేశం సంగతికి వస్తే, భారత మహిళల లీగ్ మొదలైంది 2016-17లో. మొదట్లో అది కొన్ని వారాల్లో ఒకే ఊరిలో ముగిసే టోర్నీ, సొంత మైదానంలోనూ ప్రత్యర్థి మైదానంలోనూ ఆడే పద్ధతి 2023-24లో గానీ రాలేదు. లీగ్‌లో ఆడే క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయల ఒప్పందం ఇవ్వాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో నిర్ణయించింది. అంటే నెలకు 27 వేల రూపాయలకు కొంచెం తక్కువ. ఒక చిన్న ఉద్యోగానికి సమానమనుకోవచ్చు, కానీ ఆ ఉద్యోగానికి పింఛను లేదు, మరుసటి ఏడాది హామీ లేదు. అందుకే మన మేటి మిడ్‌ఫీల్డర్లలో చాలామంది ఏదో ఒక ప్రభుత్వ కొలువును పట్టుకుని ఆడతారు. తమిళనాడుకు చెందిన ఇందుమతి కదిరేశన్ ఆ రాష్ట్ర పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్. 2025 జులైలో థాయ్‌లాండ్‌పై రెండు గోల్స్ చేసి, అర్హత పోటీల ద్వారా భారత్‌ను మొదటిసారి ఆసియా కప్‌కు చేర్చిన మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్‌ఫోర్ పారామిలటరీ దళమైన సశస్త్ర సీమా బల్ జట్టులో ఆడినది. నన్నడిగితే, క్రీడల కోటాలో రైల్వే, పోలీసు, పారామిలటరీ ఉద్యోగం వచ్చే అవకాశాన్ని చులకనగా చూడకూడదు. క్లబ్బులు మూతపడినప్పుడు ఫోర్మిగా తరానికి లేనిది అటువంటి ఆధారమే. ఆ కోటాకు జాతీయ స్థాయి పోటీల ధ్రువపత్రాలు కావాలి గనుక, ఆడిన ప్రతి టోర్నీ పత్రాన్ని ఇప్పటి నుంచే జాగ్రత్త చేయండి.

తెలుగు అమ్మాయిలకు దారి లేదని కూడా అనుకోవద్దు. నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. ఆమె మైదానం అంచుల వెంబడి దాడి చేసే వింగర్, మీ అమ్మాయి స్థానం కాదు, అయినా జిల్లా మైదానం నుంచి మొదలుపెట్టి అక్కడికి చేరింది. రాయలసీమలో అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడా గ్రామంలో అమ్మాయిలకు ఫుట్‌బాల్ శిక్షణ ఉంది. మీకు దగ్గరైతే ఒకసారి వెళ్లి చూసి రండి.

విదేశీ క్లబ్బుకు పంపిస్తామని ఎవరైనా మీ దగ్గరకు వస్తే మాత్రం జాగ్రత్త. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు బదిలీ చేయడాన్ని, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఫిఫా నిషేధించింది. కాబట్టి పదహారేళ్లకే స్పెయిన్‌లో ఒప్పందం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాడు అబద్ధమాడుతున్నాడు, లేదా చట్టం తెలియనివాడు. ఏజెంటుకు ఫిఫా లైసెన్సు ఉండాలి, దానికి పరీక్ష రాయాలి. ఆ లైసెన్సు చూపమనండి. నాకు తెలిసిన ఒక కుటుంబం ట్రయల్స్ పేరుతో అప్పు చేసి ఒకరికి డబ్బిచ్చి పోగొట్టుకుంది, ఆ అమ్మాయి ఆ దిగులుతో ఒక సీజన్ ఆడనేలేదు. ఇరవై ఏళ్ల దాకా ఇక్కడ లీగ్‌లో నిలకడగా ఆడి, జాతీయ జట్టు వయసు విభాగాల్లో చోటు సంపాదిస్తే, ఆ తర్వాత వెళ్లే దారి సహజంగా తెరుచుకుంటుంది. ఇంగ్లండ్ వంటి చోట్ల విదేశీ క్రీడాకారిణికి అనుమతి ఇచ్చేటప్పుడు జాతీయ జట్టు స్థాయిని, అందులో ఆమె ఆడిన మ్యాచ్‌లను లెక్కలోకి తీసుకుంటారు. అందుకే మనవాళ్లు మొదట సైప్రస్, క్రొయేషియా, గ్రీస్ వంటి లీగులకు వెళ్తున్నారు, అదేమీ తక్కువతనం కాదు.

ఆట విషయంలో ఈ రెండు మూడేళ్లలో ఆమె నేర్చుకోవాల్సినవి చెబుతాను. బంతి తన దగ్గరకు వచ్చేలోపే భుజం మీదుగా వెనక్కి, పక్కలకు చూసే అలవాటు అన్నిటికంటే ముఖ్యం. మంచి మిడ్‌ఫీల్డర్ బంతి అందుకునేసరికి తరువాతి పాస్ ఎటు ఇవ్వాలో తేల్చుకుని ఉంటుంది. ఒంటిని సగం తిప్పి బంతిని అందుకోవడం, రెండు కాళ్లతో సమానంగా పాస్ ఇవ్వడం దీని తర్వాతివి. ఎదుటి జట్టులో దాడిని నడిపే, పదో నంబరు అని పిలిచే క్రీడాకారిణికి బంతి వెళ్లే దారిని మూసేలా నిలబడటం ఎలాగో కోచ్‌ను అడిగి నేర్చుకోమనండి. ఇంకో మాట, పసుపు కార్డుల లెక్క ఆమెకు తెలిసి ఉండాలి. అంత అనుభవమున్న ఫోర్మిగా కూడా 2019 ప్రపంచ కప్‌లో రెండు మ్యాచ్‌లలో రెండు కార్డులు తెచ్చుకుని ఇటలీతో మ్యాచ్‌కు దూరమైంది, ఈ స్థానంలో ఫౌల్ చేయక తప్పని సందర్భాలు వస్తూనే ఉంటాయి. వారానికి ఒక మ్యాచ్ అయినా పూర్తిగా చూడమనండి, బంతిని కాకుండా ఒకే మిడ్‌ఫీల్డర్‌ను తొంభై నిమిషాలూ గమనిస్తూ. మొదట్లో విసుగ్గా ఉంటుంది, తర్వాత అదే ఆటలా కనిపిస్తుంది.

చదువు ఆపవద్దు. పదో తరగతి పరీక్షలకూ రాష్ట్ర జట్టు ఎంపికలకూ తేదీలు దగ్గరపడితే పాఠశాలతో ముందే మాట్లాడి పెట్టుకోండి, చాలాచోట్ల సర్దుబాటు చేస్తారు. మూడేళ్ల తర్వాత ఏదైనా క్లబ్బు ఒప్పందం ముందుకు తెస్తే సంతకం చేసే ముందు నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగండి: జీతం నెలనెలా వస్తుందా లేక సీజన్ ముగిశాక మొత్తంగా ఇస్తారా, గాయమైతే శస్త్రచికిత్స, కోలుకునే కాలం ఖర్చు ఎవరిది, ఆ కాలంలో జీతం ఆగుతుందా, క్లబ్బు లీగ్ నుంచి తప్పుకుంటే ఆమె వేరే జట్టుకు స్వేచ్ఛగా వెళ్లవచ్చా. వీటికి సూటిగా జవాబు చెప్పని క్లబ్బు ఎంత పేరున్నదైనా ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని, తెలిసిన న్యాయవాదికి చూపించాకే సంతకం చేయించండి.